బహుమతి కోసం తీసేసిన గొంతు

రంగక్కా,

బాగున్నావా అని నిన్ను అడగడమేమిటో... చెయ్యి అలవాటు కొద్దీ అదే రాయబోయింది. మొన్న ఆడి నెలతో నువ్వు పోయి రెండేళ్లు నిండాయి. తాత పెట్టెలోని పాత పుస్తకం పక్కన పెట్టుకుని, నువ్వు నేర్పిన తెలుగు అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. బడిలో నేర్చిన తమిళంలో అయితే ఈపాటికి సగం అయిపోయేది. కానీ నీకు తమిళంలో ఉత్తరం రాయాలంటే మనసు ఒప్పలేదు.

మన మిల్లు లైనింట్లో అంతా మామూలే. పొద్దున షిఫ్టుకు పిలుస్తూ మిల్లు సంగు కూస్తుంది, లేస్తాను, పోతాను. నువ్వు నిలబడిన చోటే నిలబడి కోన్లకు దారం చుడుతున్నాను. దగ్గు నాకూ మొదలైంది. దాని సంగతి తర్వాత. ముందు నీ సినిమా సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

గుర్తుందా అక్కా... మద్రాసు డైరెక్టరు మన మిల్లు గేటు ముందు షూటింగ్ పెట్టిన రోజు? నటీమణులు వద్దు, మిల్లు ఆడవాళ్లే కావాలని నిన్ను నిలబెట్టాడు. లోపల పనిలో ఉన్న నీ మనిషిని గేటు బయట నుంచి పిలవాలి, ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే పిలువు అన్నాడు. ఆ పూట నేను షిఫ్టులో ఉన్నాను. సాయంత్రం వచ్చి ఏమని పిలిచావని ఎంత బతిమాలినా నువ్వు నవ్వావే గానీ చెప్పలేదు. "పిచ్చర్‌లో వినుకో పో. ఇప్పుడే చెప్పేస్తే అప్పురం టికెట్టు ఏంటికి?" అన్నావు.

గాంధీపురం థియేటర్లో సినిమా పడగానే ఇద్దరం వెళ్లాం. నువ్వు తెర మీదికి రాగానే మన లైను జనమంతా లేచి నిలబడి ఈలలు, కేకలు. నువ్వేమో కొంగుతో మొహం కప్పుకున్నావు. నీ మాట ఒక్కటీ వినబడలేదు. మళ్లీ ఆదివారం వద్దాంలే అనుకున్నాం. ఆదివారానికి సినిమా ఎత్తేశారు. ఆ తర్వాత నీ దగ్గు ముదిరింది, ఆసుపత్రి, ఇంజెక్షన్లు... ఇంకేముంది.

నీ గొంతు వినాలంటే నాకిక ఆ సినిమా ఒక్కటే దిక్కు. మనింట్లో టేప్ రికార్డరు ఎక్కడిది?

అలాంటిది పోయినేడు టీ కొట్టు పేపర్లో నీ సినిమా బొమ్మ చూశాను. అమెరికాలో ఏటా సినిమాలకు ఏదో పెద్ద బహుమతి ఇస్తారట. బయటి దేశాల వాళ్లు ఒక్కో దేశం నుంచి ఒక్క సినిమానే పంపాలట. ఇంత దేశం నుంచి ఈసారి మన మిల్లు సినిమాను పంపుతున్నారని రాశారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. రంగక్క అమెరికా పోతోందని లైనంతా చెప్పుకుని తిరిగాను. ఎంత పిచ్చిదాన్నో చూడు.

అక్కడ ఓడిపోయి వచ్చాక దాన్ని ఇక్కడ మళ్లీ వేశారు. దేశం తరఫున పోటీకి వెళ్లిన చిత్రం అని పోస్టరు మీద ఇంతింత అక్షరాలు. నేను మొదటి ఆటకే పోయాను. ఈసారి ఈలలు లేవు. నువ్వు గేటు దగ్గరికి వచ్చావు. నోరు తెరిచావు...

అది నీ గొంతు కాదక్కా.

ఎవరో పట్నం ఆవిడ. వేదికెక్కి చదివినట్టున్న తమిళంలో, కార్మికుల కన్నీళ్లకు బదులు చెప్పండి, ఈ ఇనుప గేట్లు ఒకనాటికి కరగక తప్పదు అంటోంది. నువ్వెప్పుడైనా అలా మాట్లాడావా? ఇనుప గేట్లు కరగడమేమిటి? తమిళం మీద నాకేం కోపం, సగం నా నోట్లో ఉండేది అదే. కానీ నీ మొహం మీద ఇంకొకరి నోరు తెచ్చి అతికిస్తే అది నువ్వెలా అవుతావు?

బయట డైరెక్టరు అసిస్టెంటు కనబడితే పోయి అడిగాను. డైరెక్టరు కారులోంచి దిగలేదు, అద్దంలోంచే నవ్వాడు. అసిస్టెంటు మాత్రం దాచకుండా, పైగా గొప్పగా చెప్పాడు. బొంబాయిలో సినిమా ఎంపిక చేసే పెద్దలు నీ మాటలు విని ఇది ఏ భాష అని అడిగారట. తెలుగు అంటే, ఇలాంటి తెలుగు ఎక్కడా లేదన్నారట. తమిళమా అంటే అదీ కాదాయె. కాగితంలో భాష అన్నచోట ఒక్క పేరే స్పష్టంగా రాయాలి, లేకపోతే ఇంకో భాష వాళ్లు తమ సినిమాను తోసుకొస్తారని వీళ్లకు భయం పట్టుకుంది. అందుకని మన మిల్లు ఆడవాళ్ల గొంతులన్నీ తీసేసి, మాటలు కొత్తగా రాయించి, అందరికీ ఒకే రకం తమిళం తొడిగారు. పాత కాపీలన్నీ వెనక్కి తెప్పించి పడేశారు.

మరి మా అక్క గొంతు పట్టిన టేపు ఏదన్నాను. అది చెరిపి ఇంకో సినిమాకు వాడేశారట. టేపు ఊరికే వస్తుందా అన్నాడు.

ఇంకా విను. బహుమతి ఎవరికివ్వాలో చెప్పే ఓటర్లు అక్కడ ఉంటారట. వాళ్లు సినిమా చూడ్డానికి రావాలంటే ప్రతి దేశం వాళ్లూ విందులు పెట్టాలట. ఒక దేశం వాళ్లు సారా పీపాలు దింపితే, ఇంకో దేశం వాళ్లు పాటగాళ్లను పట్టుకొచ్చారట. మన నిర్మాత పట్టుచీరలు, మామిడిపళ్ల బుట్టలు మోసుకెళ్లాడు. విందు జరిగిన హాల్లో మన లైనిళ్ల ఫొటోలు గోడంత చేసి తగిలించారట. మనం కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడిన ఫొటో కింద బిర్యానీ వడ్డించారట. వచ్చిన వాళ్లకు పంచిన రంగు పుస్తకం ఒకటి అసిస్టెంటు నాకూ ఇచ్చాడు. లోపలి ఇంగ్లీషుకు అర్థం వాడే చెప్పాడు. గొంతులేని వారికి గొంతునిచ్చిన చిత్రం అని ఉందట.

ఛీ. ఆ పుస్తకం అక్కడే చెత్త డ్రమ్ములో పడేసి వచ్చాను.

ఓడిపోవడానికి వాళ్లు చెప్పుకునే కారణం వింటే నువ్వు నవ్వుతావో, ఉమ్మేస్తావో. చివరిదాకా నిలిచిన సినిమాల్లో ఒకదాంట్లో యుద్ధం ఉందట, ఇంకోదాంట్లో కరువు ఉందట. మన దాంట్లో ఉత్త మిల్లే ఉంది, ఆ ఏడుపు చాలలేదట. అందుకే ఈసారి వరద సినిమా తీస్తున్నారు. ఏ ఊరు మునుగుతుందా అని చూస్తున్నారు కాబోలు. దేశాలు దేశాలు కూర్చుని ఎవరి ఏడుపు పెద్దదని పోటీ పడతాయా? గెలిచిన దేశంలో ఏడ్చినవాళ్లకు ఏం ఒరుగుతుంది? ఇలాంటివి నేనెవరినడగాలి...

మర్నాడు పనిలో ఉంటే ఎదురు మిషను సరోజ నన్ను చూసి, ఏమైంది, మొహం అలా ఉందేం అని అడిగింది. ఎలా అడుగుతుంది? ఆ మిషన్ల హోరులో చెవికి ఏది వినబడుతుంది? మనందరిలాగే పెదాలు కదిపింది, నేను చదువుకున్నాను. అప్పుడు నా చేతిలో దారం తెగిపోయింది అక్కా.

నేను మిల్లులో చేరిన కొత్తలో నీతో మాట్లాడాలని గొంతు చించుకుని అరిచేదాన్ని. నువ్వు నా గడ్డం పట్టుకుని నీ మొహం వైపు తిప్పుకుని నేర్పావు. "అరిచేది ఏంటికి పాపా? చెవి వదిలేయి. పెదవి చూడు" అన్నావు. మేస్త్రీ పక్కనే తిరుగుతున్నా మనం ఇంటి సంగతులన్నీ అలాగే చెప్పుకునేవాళ్లం కదా. వాళ్లు నీ గొంతు తీసేశారు. నీ పెదాలు తీసేయలేదు.

షిఫ్టు దిగి, చెవుల్లో పెట్టుకున్న దూది తీయకుండానే థియేటరుకు పోయాను. ముందు బెంచీలో కూర్చున్నాను. నువ్వు వచ్చే వేళకు దూది ఇంకా లోపలికి నొక్కుకున్నాను. ఆ పట్నం ఆవిడ ఎక్కడో దూరంగా గొణుగుతోంది. నేను చెవి వదిలేశాను.

నువ్వు మిల్లు వైపు చూస్తున్నావు. పెదవులు రెండుసార్లు కలిసి విడిపోయాయి. పాపా.

ఆ పూట లోపల ఉన్న నీ మనిషిని నేనే కదా. నాకు ముందే ఎందుకు తట్టలేదో... "పాపా, బయటికి దా. ఆ దూది తినింది చాలు. నా మాదిరి దగ్గుకుంటా ఉండొద్దు. దా, ఇంటికి పోదాము" అన్నావు.

అదే అక్కా నువ్వన్నది. మన ఇంటి మాట. కార్మికులూ లేరు, కన్నీళ్లూ లేవు. అమెరికాలో అంతమంది చూశారు కదా, ఒక్కరికైనా తెలిసిందా నువ్వు చెల్లెల్ని పిలుస్తున్నావని?

నేను ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. పక్క సీటులో వాళ్లు సినిమా గొప్పదనం అనుకుని ఉంటారు.

నువ్వు అప్పుడే పిలిచావు. నాకిప్పుడు అందింది. నువ్వుండగా ఇంట్లోనే ఎందుకు చెప్పలేదు? నీ మందుల కోసం నేను పనికి పోక తప్పదని ఊరుకున్నావా... ఇక ఎవరి కోసం ఆ మిల్లులో నిలబడాలి?

నిన్న మేస్త్రీతో చెప్పేశాను. గేటు ఎదురుగా ఇడ్లీలు అమ్మే ముసలి పాట్టికి ఒంట్లో బాగుండటం లేదు, పొయ్యి దగ్గరికి ఒక మనిషి కావాలంది. పిండి రుబ్బడం నాకు కొత్తా? సోమవారం సంగు కూసేటప్పటికి నేను లోపల ఉండను. నువ్వు నిలబడి పిలిచిన చోటే ఉంటాను.

బయటికి వచ్చేస్తున్నాను అక్కా.

నీ పాప