నొప్పి కాదు, మంట

చాండ్లర్, అరిజోనా,
11 జూన్ 2007

లీలక్కా,

ఫోన్‌లో చెబితే సగంలోనే తిట్లు మొదలుపెడతావని ఉత్తరం రాస్తున్నాను. వచ్చే నెల నువ్వొచ్చేసరికి నేను ఇంట్లో చెప్పులతో తిరుగుతుంటాను. వంటింట్లో కూడా. కోప్పడే ముందు ఇది పూర్తిగా చదువు.

నాకు షుగరుందని నీకు తెలుసు. ఏడాదిగా అరికాళ్ళు మండుతున్నాయని తెలియదు. దుప్పటి తగిలినా భరించలేను. క్లినిక్‌కి వెళ్ళినప్పుడల్లా నర్సు "ఎనీ పెయిన్?" అనేది. "నో" అనేవాణ్ణి. అబద్ధం కాదక్కా, నొప్పైతే కదా చెప్పడానికి! నాది మంట, తిమ్మిరి. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతో గుర్తు పెట్టమనే ఫారంలో సున్నా చుట్టి ఇచ్చేసేవాణ్ణి.

పోయిన వారం మధ్యాహ్నం చెత్తడబ్బా లోపలికి తెద్దామని వట్టికాళ్ళతో ఇంటిముందు సిమెంటు డ్రైవ్‌వే మీదికి వెళ్ళాను. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందేగా. నాకేం కాలినట్టు లేదు. లోపలికొచ్చి సోఫాలో కాళ్ళు చాపితే ఉమ "ఏమండీ, ఆ బొబ్బలేంటి!" అని అరిచింది. అప్పుడు మాత్రం చాలా భయమేసింది.

డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమని, అరికాలికి సన్నటి ప్లాస్టిక్ దారం ఆనిస్తూ "తెలుస్తోందా?" అని అడిగాడు. పదిచోట్ల ఆనిస్తే ఆరుచోట్ల తెలియలేదు. మంట గురించి ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. "మీరు పెయిన్ అడిగారు, ఇది బర్నింగ్" అన్నాను. ఆయన నవ్వలేదు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయట. షుగరు అదుపులో ఉంటే ఇంకా ముదరకుండా చూడొచ్చట. మంటకి చిన్న మోతాదులో మాత్ర ఇచ్చాడు. రోజూ అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోమన్నాడు, ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగొద్దన్నాడు. బయట తొక్కని కొత్త జత కొన్నాను. దేవుడి దగ్గరికి మందపాటి మేజోళ్ళతో వెళ్తున్నాను.

చిన్నప్పుడు చెప్పులతో లోపలికొస్తే నువ్వు వీపు మీద వేసినవి గుర్తున్నాయి. ఈసారికి వదిలెయ్యి.

నీ చక్రపాణి

ట్రాయ్, మిషిగన్,
22 జూన్ 2007

ఒరేయ్ చక్రీ,

తిడదామనే కాగితం తీశాను. "నొప్పైతే కదా" అన్నచోట ఆగిపోయాను. ప్రతి ఆదివారం ఫోన్‌లో "నొప్పులేమన్నా ఉన్నాయా అక్కా" అంటావు. లేవంటాను. నిజంగానే లేవురా. రెండేళ్ళుగా మంటలే. వయసు అనుకుని రోజూ వేన్నీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటున్నాను. షుగరు నాకు నీకంటే ఆరేళ్ళు ముందొచ్చింది కదా.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన అప్పటికప్పుడు అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. నిన్న వెళ్ళొచ్చాం. నాకూ దారం ఆనించారు. పదింట్లో ఒక్కచోటే తెలిసింది. కారులో ఏడ్చాను. వేన్నీళ్ళ టబ్బు ఇక వద్దన్నారు, మాత్రలు మొదలుపెట్టారు.

వచ్చేటప్పుడు ఇంట్లో వేసుకునే జత నాదీ తెచ్చుకుంటున్నాను. ఇద్దరం మీ వంటింట్లో చెప్పులతోనే తిరుగుదాం. అలాగని అప్పుడు వేసిన దెబ్బలు మాత్రం వెనక్కి తీసుకోను.

మీ అక్క,
లీలావతి