పరీక్ష పెట్టేది మీ పోలమ్మే

చెంగమ్మక్కా,

బతికుండగానే నీకు చదువు రాదు. నువ్వు పోయిన ఏడాదికి నీకు ఉత్తరం రాయడం నాకే వింతగా ఉంది. అయినా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను.

మీ ఎరుకల భాషను మా యూనివర్సిటీలో పాఠంగా పెట్టమని ఈ ఉదయం అడిగాను. మా శాఖ పెద్దాయన నవ్వారు. "లిపి లేని భాషకు పరీక్ష ఎట్టా పెడతావమ్మా?"

నిజమే కదా అని నాకూ అనుమానం వచ్చింది. అంతలో, మీ భాష నేర్చుకుందామని కావలిలో మీ గుడిసె ముందు నోటుపుస్తకంతో కూర్చున్న మొదటిరోజు గుర్తొచ్చింది. "చేతులు ఊరికే పెట్టుకోనుంటే మాటలు యాడొస్తాయి? బుట్ట అల్లు!" అన్నావు. ఈతబద్ద కావాలన్నా, కత్తి కావాలన్నా మీ భాషలో అడిగేదాకా అందించలేదు.

"పిల్లలు బుట్ట అల్లుతారండీ. కావలసినవన్నీ ఎరుకల భాషలోనే అడగాలి. బుట్ట పూర్తయితే పాసు," అన్నాను.

"మార్కులెవరేస్తారు? దొంగజాతి అని మొన్నటిదాకా పోలీసులకు హాజరు పలికినవాళ్ళా?"

"అవునండీ, వాళ్ళే."

దరఖాస్తులో పరీక్షాధికారి అన్నచోట నీ కూతురు పోలమ్మ పేరు రాసి సంతకం పెట్టాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు. అందరూ భోజనాలకు వెళ్ళారు. ఆ పేరు కొట్టేయాలంటే మాత్రం నా కళ్ళెదుటే కొట్టేయాలి. నేనింకా పెద్దాయన గదిలోనే కూర్చుని ఉన్నాను.