ఎడమ సీటు కొలత

మార్చి 2, ఆదివారం

నా దగ్గర రెండు నోట్‌బుక్కులున్నాయి. ఒకటి కారుకి పరీక్ష పెట్టే ఆఫీసరు కోసం. ఏ రోజు ఏ బోల్టు బిగించానో ఫోటోలతో సహా అందులో ఉంటుంది. ఈ కారు నా చేతులతోనే కట్టానని వాళ్ళకి రుజువు కావాలి. రెండోది ఇది. ఇది ఎవరి కోసమూ కాదు.

థెల్మా వెళ్ళి ఈరోజుకి ఐదు వారాలు. వాళ్ళక్క నోరీన్‌కి మోకాలి ఆపరేషన్ అయితే సాయం చేయడానికి బ్రిడ్లింగ్టన్ వెళ్ళింది. రెండు వారాల్లో వచ్చేస్తానంది. నోరీన్ ఇప్పుడు సముద్రం ఒడ్డున కుక్కను తిప్పుకుంటోంది. నా భార్య మాత్రం రాలేదు.

పొద్దున ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడిగాను. ఇంటికంటూ వస్తే ఆ కార్లోనే వస్తాను, నువ్వొచ్చి తీసుకెళ్ళు, అంతవరకూ అడగకు అంది. వెనకనుంచి నోరీన్ పగలబడి నవ్వడం వినిపించింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, థెల్మా నవ్వలేదు.

ఈ కారు విడిభాగాల కిట్ అట్టపెట్టెల్లో మా ఊరు గూల్‌కి వచ్చి ఏడేళ్ళయింది. ఇంజను కూర్చుంది, చక్రాలు తిరుగుతున్నాయి, పసుపురంగు బాడీ మెరుస్తోంది. ఇక లోపలి పనే మిగిలింది. తలుపుల్లేవు, కప్పు లేదు, వట్టి అల్యూమినియం రేకు. బట్టలు నానబెట్టే తొట్టిలా ఉంది. మధ్యలో గేర్‌బాక్సు మీద కప్పిన రేకు గట్టులాగా లేచి, తొట్టిని రెండుగా చీల్చింది. కుడివైపు నాది. ఎడమవైపు ఆమెది.

రెండు నెలలు పడుతుంది. రెండు నెలల్లో వెళ్ళి తీసుకొస్తాను.

మార్చి 5, బుధవారం

కార్పెట్ వేశాను. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టలు కత్తిరించి నమూనాలు చేసుకుని, వాటి ప్రకారం కార్పెట్ కోసి, జిగురు పూసి అంటించాను. మడత లేదు, ముడత లేదు. చేతులు కట్టుకుని కాసేపు చూసుకుని మురిసిపోయాను కూడా. అప్పుడు తట్టింది. సీటు బెల్టులు బిగించే నాలుగు రంధ్రాలూ కార్పెట్ కింద సమాధి అయిపోయాయి.

జిగురు అప్పటికే పట్టేసింది. సూది పెట్టి పొడుచుకుంటూ వెతికితే మూడు దొరికాయి. ఎడమవైపు వెనకది దొరకలేదు. తల ప్రాణం తోకకొచ్చింది. రాత్రి భోజనం మాంసం కూరిన చల్లటి పోర్క్ పై రొట్టె, నిలబడే తిన్నాను. కూర్చుని తినాలంటే ఎదురుగా ఇంకో కుర్చీ కనిపిస్తుంది.

మార్చి 6

నాలుగోది దొరికింది. కార్పెట్‌కి నలభై చిల్లులు.

మార్చి 9, ఆదివారం

సీట్లు. మా క్లబ్బులో రెజ్ అని ఒకడున్నాడు, ఇప్పటికి మూడు కార్లు కట్టాడు. వాడు ఫోన్లో పాఠం చెప్పాడు. బజార్లో దొరికే సీటు ఏదీ ఈ ఇరుకులో పట్టదు, నీ ఒంటికి నువ్వే అచ్చు పోసుకోవాలి అన్నాడు. పెద్ద చెత్తసంచి తొట్టిలో పరిచి, రెండు డబ్బాల్లోని ద్రవాలు కలిపి అందులో పోయాలి. అది నురగలా పొంగుతుంది. దాని మీద కూర్చోవాలి. ఇరవై నిమిషాలు కోడి గుడ్లు పొదిగినట్టు కదలకూడదు. గట్టిపడ్డాక లేస్తే నీ వీపూ పిర్రలూ అచ్చుగుద్దినట్టు దిగుతాయి అన్నాడు. ఇంకో మనిషి లేకుండా మాత్రం చేయకు, సంచి అంచులు ఎవరో ఒకరు పట్టుకోవాలి అన్నాడు.

ఇంకో మనిషిని ఎక్కడనుంచి తేను? ఒక్కణ్ణే చేశాను.

సంచి పిగిలింది. నురగ వెచ్చగా ట్రౌజర్ ఎక్కింది, గట్టు ఎక్కింది, కొత్త కార్పెట్ ఎక్కింది. లేవబోతే కారు కూడా నాతో లేచేటట్టుంది. అరిచినా వినేవాళ్ళు లేరు. గంటన్నర కూర్చున్నాక బెల్టు విప్పి ట్రౌజర్లోంచి జారి బయటపడ్డాను. గారేజ్ నుంచి వంటింటి తలుపుకి పన్నెండు అడుగులు. సరిగ్గా అప్పుడే పక్కింటి మిసెస్ థ్రోసెల్ బట్టలు ఆరేస్తోంది. గుడ్ ఆఫ్టర్‌నూన్ రోలాండ్, ఇంకా చలి పోలేదు నాయనా, ఒళ్ళు జాగ్రత్త అంది. మొహంలో నవ్వు రవ్వంత లేదు. ఆ సంయమనానికి ఆమెకి పతకం ఇవ్వాలి.

ఇలాంటివి జరిగితే రాత్రి భోజనం దగ్గర థెల్మాకి చెప్పాలి. చెప్పడానికి లేదు. ఇల్లంతా బావురుమంటోంది.

మార్చి 10

సీటు బాగా వచ్చింది. ట్రౌజర్ సగం ఇంకా అందులోనే ఉంది.

మార్చి 14, శుక్రవారం

రెజ్ ఇంకో సలహా ఇచ్చాడు. ఎడమ సీటు పెట్టకు, ఒంటి సీటు కారని రాయించు, పరీక్షలో సగం తలనొప్పి తగ్గుతుంది, మనలాంటి వాళ్ళు చాలామంది అదే చేస్తారు అన్నాడు. మనలాంటి వాళ్ళంటే ఎవరని నేను అడగలేదు. రెజ్‌ని ఇద్దరు భార్యలు వదిలి వెళ్ళిపోయారు.

కుదరదన్నాను.

ఎడమ సీటుకి థెల్మా కొలత కావాలి. టేపు పట్టుకుని ఆమె అల్మరా ముందు నిలబడ్డాను. చాలా హ్యాంగర్లు ఖాళీగా ఉన్నాయి. రెండు వారాలకి అన్ని కోట్లు ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. ఫోన్ చేశాను. భుజాల వెడల్పు ఎంత, నడుము వెడల్పు ఎంత, కూర్చుంటే మోకాలి దాకా ఎంత అని అడిగాను.  ఆ కారులో ఏ బోల్టుకి ఎన్ని చుట్లో నిద్రలో లేపి అడిగినా చెబుతావు, ముప్పై ఆరేళ్ళు పక్కన పడుకున్నదాని కొలత తెలీదా రోలాండ్ అంది.

తెలీదు. నిజంగానే తెలీదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 16, ఆదివారం

మిసెస్ థ్రోసెల్‌ని అడిగాను. ఆమెది ఇంచుమించు థెల్మా పొడవే. చెత్తసంచిలో ఇరవై నిమిషాలు కూర్చోవాలని చెప్పగానే, జుట్టు కత్తిరించే పార్లర్‌లో తప్ప నన్ను అంతసేపు ఎవరూ కూర్చోబెట్టలేదు, పద అంది. ఊలు అల్లుకునే సామాను తెచ్చుకుంది. నురగ పొంగుతుంటే, అబ్బ, కింద ఎవరో రొట్టె కాలుస్తున్నట్టుందయ్యా అని ఒకటే నవ్వు. నేను సంచి అంచులు పట్టుకుని నిలబడ్డాను.

పదో నిమిషంలో నవ్వు ఆపి ఒక మాట చెప్పింది. థెల్మా రోజూ సాయంత్రం ఈవిడ వంటింట్లోకి వచ్చి కూర్చునేదట. ఏడేళ్ళూ. గారేజ్‌లో రేకులు కోసే నీ గ్రైండర్ మోత ఆగిందంటే చాలు, ఆయనకి ఆకలేస్తుందని లేచి పరిగెత్తేది అంది. నీకు తెలుసనుకున్నాను అంది.

నేను గారేజ్‌లోంచి వచ్చేసరికి ప్రతిరోజూ టేబుల్ మీద వేడి ప్లేటు ఉండేది. ఆమె రోజంతా ఇంట్లోనే ఉందని అనుకునేవాణ్ణి. అనుకునేవాణ్ణి అనడం కూడా అబద్ధమే. దాని గురించి ఎప్పుడూ అనుకోలేదు.

మార్చి 19, బుధవారం

థెల్మా తనే ఫోన్ చేసింది. నా సీట్లో ఇంకో ఆడదాని పిర్రలు అచ్చు వేయించావట కదా అంది. మిసెస్ థ్రోసెల్ కడుపులో మాట దాగదు. ఈసారి థెల్మా నిజంగానే నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే నవ్వు ఆగిపోయింది. శనివారం పది గంటల రైలుకి వస్తున్నాను, టీకి కెటిల్ పెట్టకు, ఇంట్లోకి రాను అంది.

మార్చి 22, శనివారం

వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బాగుంది. ఆ మాట పైకి అనలేదు, ఎందుకు అనలేదో తెలీదు.

నేరుగా గారేజ్‌లోకి వెళ్ళి, కారు అంచు దాటి ఎడమ సీట్లో దిగింది. అటూ ఇటూ కదిలింది. ఇది మేవిస్ థ్రోసెల్, నేను కాదు అంది. నడుము దగ్గర పిడికిలి పట్టేంత సందు, భుజాల దగ్గర బిగుతు. వంటింట్లో రొట్టె కోసే కత్తి తెచ్చి ఆ సీటంతా కోసి పారేశాను. కొత్త సంచి పరిచాను, ద్రవాలు కలిపాను. ఆమె మళ్ళీ దిగి కూర్చుంది.

ఆమె కదలడానికి లేదు. సంచి అంచులు వదిలి నేను పోవడానికీ లేదు. మా పెళ్ళయ్యాక ఇలా ఇరవై నిమిషాలు ఎప్పుడూ దొరకలేదనుకుంటాను.

ఆమె అరవలేదు. గొంతు కూడా పెంచలేదు. నేను పందొమ్మిదేళ్ళు పరదాల కొట్టులో మిషను మీద కుట్టినదాన్ని, గుర్తుందా అంది. మొదటి ఏడాది సీట్లు నేను కుడతానన్నాను, లోపలి పని చివరన అన్నావు. ముదురు ఆకుపచ్చ గుడ్డ కొని దాచాను. రెండో ఏడాది అడిగాను, చివరన అన్నావు. మూడో ఏడాది అడిగాను, గ్రైండర్ ఆపకుండానే చివరన చివరన అన్నావు. నాలుగో ఏడాది ఆ గుడ్డతో నోరీన్ కుర్చీలకి కవర్లు కుట్టేశాను. ఈ కారులో లోపలి పనీ నేనూ ఒకటే రోలాండ్, చివరికి మిగిలినవాళ్ళం అంది.

తప్పయింది అన్నాను.  గడియారం చూస్తే ఇంకా ఆరు నిమిషాలున్నాయి.  ఆ ఆరు నిమిషాలూ నేను సంచి పట్టుకునే ఉన్నాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి.

లేచి, వెనక్కి తిరిగి తన అచ్చు చూసుకుంది. ఇదిగో, ఇది నేను అంది. ఒంటిగంట నలభై రైలుకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 8, మంగళవారం

పరీక్ష పోయింది.

బ్రేకులు బాగున్నాయి, లైట్లు బాగున్నాయి. సీట్లకి నల్లగుడ్డ నేనే కుట్టాను. కుట్లు తాగుబోతు నడకలా ఉన్నాయి, కానీ వాటికి మార్కులుండవు. పోయింది అంచుల దగ్గర. కారు లోపల తలకీ మోకాలికీ తగిలే ప్రతి అంచూ గుండ్రంగా ఉండాలి, కోసుకోకూడదు. ఆఫీసరు ఒక చిన్న బంతి పట్టుకుని ప్రతి చోటా దొర్లించి చూశాడు. నెమ్మదస్తుడు, కళ్ళజోడు దారానికి కట్టుకున్నాడు. కుడివైపు వేలు పెట్టడానికి ఒక్క తప్పు లేదు సార్, ఎడమవైపు నాలుగు చోట్ల చెయ్యి కోసుకుంటుంది అన్నాడు. డాష్‌బోర్డు కింది రేకు, హ్యాండ్‌బ్రేక్ పక్కన కోణం, రెండు స్విచ్చులు. రాసుకుంటూ మామూలుగా అడిగాడు, ఇటువైపు మీరు ఒక్కసారి కూడా కూర్చోలేదా సార్ అని.

లేదన్నాను.

ఏప్రిల్ 12, శనివారం

పొద్దుటినుంచి ఎడమవైపే కూర్చున్నాను. ఏడేళ్ళలో మొదటిసారి.

ఆమె అచ్చులో నేను పట్టను. ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. ఇక్కడినుంచి స్పీడు కనిపించదు, పెట్రోలు ఎంత ఉందో కనిపించదు. కనిపించేది నా కుర్చీ, నేనుంటే నా మోచేయి. పట్టుకోవడానికి ఏమీ లేదు. కాలు బయట పెట్టి దిగబోతే కింద పొగగొట్టం, వేడి మీద ఉంటే పిక్క కాలుతుంది. ఇదంతా గీసింది నేను, కోసింది నేను, బిగించింది నేను.

అంచులన్నిటికీ రబ్బరు పట్టీ వేశాను. చాలామంది పరీక్ష దాకా ఉంచి మర్నాడు పీకేస్తారు, అందం చెడుతుందని. నేను జిగురు పెట్టి అంటించాను. పొగగొట్టానికి చిల్లుల రేకు కప్పాను. ఆమె చేతికి అందేలా ఒక తోలుపట్టీ బిగించాను. పరీక్షలో దాన్ని ఎవరూ అడగరు.

కళ్ళు మూసుకుని ప్రతి అంచూ చేత్తో తడిమాను. చేతికి ఏమీ గుచ్చుకోలేదు. చాలాసేపు ఏడ్చాను.

ఏప్రిల్ 29

పాసయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచాను.

మే 18, ఆదివారం

నంబరు ప్లేటు బిగించాను. రెజ్‌కి ఫోన్ చేస్తే, ఇక ఎగిరిపో నాయనా అన్నాడు. ఊళ్ళో ఒక చుట్టు తిరిగొచ్చాను. పిల్లలు చేతులూపారు, మిసెస్ థ్రోసెల్ గేటు దగ్గర చప్పట్లు కొట్టింది. ఏడేళ్ళుగా ఈ రోజు గురించి కలలు కన్నాను. ఖాళీ సీటు పక్కన పెట్టుకుని తిరగడం అందులో లేదు.

థెల్మాకి ఫోన్ చేశాను. కారు తయారైంది, శనివారం రానా అన్నాను. వాన లేకపోతే రా అంది. పెట్టె సర్దుకుంటావా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మే 24, శనివారం, మధ్యాహ్నం 3:20

రోడ్డు పక్కన కారు ఆపి రాస్తున్నాను.

బ్రిడ్లింగ్టన్‌లో థెల్మాని ఎక్కించుకున్నాను, చేతిసంచి తప్ప ఏమీ తెచ్చుకోలేదు. అందులో ఏముందో అడగలేదు. సీటు మీద నా కుట్లని వేలితో తడిమి చూసి, దేవుడా అంది. కూర్చుంది. తోలుపట్టీ పట్టుకుంది. ఊరు దాటి పది మైళ్ళు వచ్చేసరికి నిద్రపోయింది. అంత మోతలో, అంత గాలిలో. ఇప్పటికీ నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. తల పక్కకి వాలలేదు. సీటు ఆమెని పట్టుకుంది.

ఎదురుగా రౌండబౌట్. ఎడమకి తిరిగితే మా ఇల్లు. పూర్తిగా చుట్టి వస్తే నోరీన్ ఇల్లు. ఇంజను ఆపేశాను. లేచాక ఎటు అని అడుగుతాను. ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదు.