ఈ చుక్కలు ఎవరి చేతివి?

కువోపియో,
అక్టోబరు 3, 1996

విర్పి అక్కా,

నువ్వు పంపిన జామ్ సీసా పగలకుండా చేరింది. తినే మనసు మాత్రం లేదు. యార్కో మీద నాకు అనుమానంగా ఉంది. నవ్వకు, ముందు చదువు.

మా ఆయన చేతి సంగతి నీకు తెలిసిందే. కంప్యూటర్ మీద బొమ్మ వెయ్యమంటే నాలుగు గీతలు బరికి, రంగులు గుమ్మరించి, "అయిపోయిందే" అని కాఫీకి లేచిపోతాడు. ఆ తర్వాత నేను కూర్చుని తెర మీద చుక్క చుక్కా సరిచేస్తాను. అంచులు నునుపు చెయ్యడం, వెలుగునీ నీడనీ కలపడం, దారి తప్పిన చుక్కల్ని ఏరెయ్యడం అన్నీ నా పనులే. ఆయన గీత, నా నగిషీ. మా జంటకి పేరొచ్చింది అలాగే.

ఈ నెలాఖరున ఇక్కడి బడి వ్యాయామశాలలో బొమ్మల పోటీ ఉంది. ఒక్కరే వేసిన బొమ్మలకి మాత్రమే. నాకు మాటమాత్రం చెప్పకుండా యార్కో ఒకటి పంపాడు. పరిశీలకుల్లో నేనూ ఉన్నాను కాబట్టి నా కంటపడింది. సరస్సు ఒడ్డున చెక్క వంతెన మీద ఒకామె వంగి తివాచీ ఉతుకుతోంది. మొహం కనబడదు. నురగలో ఒక్క చుక్క కూడా అదుపు తప్పలేదు. అంత నునుపు యార్కోకి తలకిందులుగా తపస్సు చేసినా రాదు. అడుగున ఉన్న గీత కూడా ఆయనది కాదు.

మా బొమ్మల బృందంలో మారికా అని కొత్తగా చేరిన పిల్ల ఉంది. ఆమె పని అద్దంలా ఉంటుంది. పైగా ఈయన గురువారాలు మా బిల్డింగ్ సౌనాలో ఆవిరి స్నానానికని వెళ్లి పొడి జుట్టుతో తిరిగొస్తున్నాడు. ఇదేమిటని అడిగితే, "కట్టెలు తడిసిపోయినట్టున్నాయే, పొయ్యి అంటుకోలేదు" అన్నాడు. మాది కరెంటు పొయ్యి అక్కా!

బొమ్మలో ఆమె నడుము రోలులా ఉంది. మారికా చూస్తే పుల్లలాంటి పిల్ల. అంటే ఇంకొకతె కూడా ఉందా?

నీ చెల్లెలు,
ఔతి


కువోపియో,
అక్టోబరు 18

అక్కా,

నిన్న ఆయన వెనకాలే వెళ్లాను. తువ్వాలు చంకన పెట్టుకుని తిన్నగా మారికా ఇంట్లో దూరాడు. కిటికీలో ఒకే తెర ముందు రెండు తలలు కనిపించాయి. వానలో నిలబడి చూశాను, సిగ్గు లేకుండా.

పొద్దున్నే అహ్తి దగ్గరికి వెళ్లాను. పోటీ పెద్ద ఆయనే. మా పోటీల్లో బొమ్మతో పాటు దాని దశలూ ఇవ్వాలి, అంటే మొదటి గీతలు, సగం రంగులు అలా. ఫొటోని యంత్రంతో కంప్యూటర్‌లోకి లాగి, ప్రతి చుక్కా నేనే పెట్టానని బుకాయించే ఘనులు ఉంటారు మరి. యార్కో దశలు చూపించమన్నాను.

"నువ్వు ఆయన పెళ్లానివి. నీకు చూపించకూడదమ్మా" అన్నాడు అహ్తి.

"పెళ్లాన్ని కాబట్టే చెబుతున్నాను. అది ఆయన చెయ్యి కాదు."

అహ్తి నా వంక జాలిగా చూశాడు. "అంత గట్టిగా చెబుతున్నావు కాబట్టి, పోటీ రోజున అందరి ముందూ దశలు తెర మీద వేస్తాను. చాలా?"

చాలన్నాను. నిజం చెప్పనా అక్కా? ఆయన ఇంకొకతె ఇంటికి వెళ్లడం కంటే, నా పని ఇంకొకతె చేత చేయించుకోవడమే నన్ను కోసేస్తోంది. నా నగిషీ లేనిదే ఆయన గీత నిలవదనే ధైర్యంతోనే ఇన్నేళ్లు కాపురం చేశాను. అది కాస్తా పోయాక ఆ ఇంట్లో నేనెందుకు? పోటీ అవగానే నీ దగ్గరికి వచ్చేస్తాను.

ఔతి


కువోపియో,
అక్టోబరు 27

బంగారం లాంటి మా అక్కకి,

నేను రావడం లేదు. ముందు నీకో క్షమాపణ చెప్పాలి. ఆ రోలులాంటి నడుము నీదే.

నిన్న హాలు నిండా జనం. అహ్తి యార్కో దశల్ని వెనక నుంచి ముందుకి వేశాడు. నునుపంతా ఊడిపోతూ వచ్చి, చివరికి మొదటి గీతలు మిగిలాయి. బిరబిరా గీసిన పిచ్చి గీతలు, వాటిలో ప్రాణం మాత్రం ఉంది. మూలన "గీత: ఔతి" అని రాసి ఉంది.

కిందటేడు వేసవిలో మీ ఇంటి దగ్గరి ఒడ్డున నువ్వు తివాచీలు ఉతుకుతుంటే, కాఫీ మరిగేలోపు యార్కో వెంట తెచ్చుకున్న కంప్యూటర్ మీద ఊరికే గీశాను. "ఛీ, అసహ్యంగా ఉంది, చెరిపెయ్" అని నేనే అన్నాను. ఆయన చెరపలేదు. నేను మరిచిపోయాను. నా గీత నేనే గుర్తుపట్టలేదు అక్కా.

"ఇందులో ఇద్దరి చేతులు పడ్డాయి. పోటీలోంచి తీసేస్తున్నాం" అన్నాడు అహ్తి. హాలంతా ఉస్సురంది.

బయట సాసేజ్‌లు కాల్చే చోట యార్కోని పట్టుకున్నాను.

"ఆ మొదటి దశ మార్చేస్తే గెలిచేవాడివి కదా, మతిలేని మనిషీ!"

"మారిస్తే అది నా బొమ్మ అయిపోదూ? కాదుగా."

"మరి మారికా?"

"నగిషీ నేర్పమన్నాను. నిన్నడిగితే మౌస్ లాక్కుని నువ్వే చేసేసేదానివి."

"నీకిప్పుడు నగిషీ ఎందుకు? నేను లేనా?"

"ఉన్నావు. నేను పారబోసింది తుడవడంతోనే సరిపోతోంది నీకు. నీ గీత నా గీత కంటే బాగుంటుందే. అది నీకు తప్ప అందరికీ తెలుసు."

సాసేజ్ చేతిలో పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. కోపమూ వచ్చింది. నురగలో ఓ మూల మారికా చెయ్యి ఉందని నాకిప్పటికీ అనుమానమే. ఒట్టేసి లేదంటాడు.

ఇవాళ నన్ను ఖాళీ తెర ముందు కూర్చోబెట్టాడు. సరిచెయ్యడానికి ఏమీ లేని తెర అంత భయపెడుతుందని నాకు తెలియదు. ఎలాగో కిటికీనీ, దాని అవతల వాననీ బరికేశాను. ఒక చుక్క దారి తప్పి పక్కకి పడింది. అలవాటు కొద్దీ తుడవబోయాను.

యార్కో నా చెయ్యి పట్టుకున్నాడు. "దాని జోలికి పోకే. ఇక తుడవడం నా వాటా."

నీ
ఔతి