అందరూ చూసిన మాట

చౌటుప్పల్,
శుక్రవారం.

పద్మక్కకు, నీ చెల్లె సునీత దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నాయిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? అమ్మ మాత్రలు మానేయకుండా చూడు. నేను బాగానే ఉన్నాను. ఆదివారం నుంచి నీ ఫోన్లు ఎత్తనందుకు ఏమనుకోకు. ఆ ఫోన్ ముట్టుకోవాలంటేనే అసహ్యం పుడుతోంది, అందుకే కాగితం పట్టాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మందుల కంపెనీలో నాది ప్యాకింగ్ పని, పగటి డ్యూటీ. నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, సాయంత్రం దాకా ఎవరి ముఖమూ కనిపించదు. మీ మరిదిది పక్క కంపెనీలో రాత్రి డ్యూటీ. నేను వచ్చేసరికి ఆయన పోతాడు, ఆయన వచ్చేసరికి నేను పోతాను. నీళ్లకు ఏదో వాసన, మరగబెట్టినా పోదు. ఒక్కదాన్నే తింటాను కానీ కడుపునిండానే తింటున్నాను, ఫికరు పెట్టుకోకు. ఎవరైనా ఇటు వస్తే అమ్మ కొట్టిన కారప్పొడి పంపు.

చలికాలం నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. ఎందుకో చెబితే నవ్వుతావు. పెళ్లిరోజున మా ఫోటో స్టేటస్‌లో పెట్టలేదని నేనన్నాను. "పెడ్తెనే మొగుణ్నా?" అని ఆయనన్నాడు. అంతే.

మనింట్లోనూ అమ్మా నాయినా అలిగేవాళ్లు కదా. అమ్మ ఆయన వైపు చూడకుండా మగ్గంతో చెప్పేది, "బువ్వ వండిన, ఆకలైనోళ్లు తినుండ్రి" అని. నాయినా మగ్గానికే జవాబిచ్చేవాడు, "కండెలు అయిపోయినయ్" అని. ఆమె కండెలు చుట్టకపోతే ఆయన నేత ఆగిపోతుంది, అందుకే ఏ అలకైనా పొద్దుగూకేలోగా తీరేది. ఇక్కడ మేం మాట్లాడుకోకపోయినా ఏదీ ఆగదు, రెండు కంపెనీలూ నడుస్తూనే ఉంటాయి. నాకు మగ్గం లేదు కాబట్టి స్టేటస్‌తో మాట్లాడాను. ఆయనకు చెప్పాల్సిందంతా అందులోనే పెట్టాను. చూసి దిగొస్తాడనుకున్నాను.

నాతో పనిచేసే లక్ష్మి తమ్ముడు, ఇంకొందరు నల్గొండ పిల్లలు కలిసి ఒక సినిమా తీశారు. పోయిన ఆదివారం నల్గొండలో ఒక కాలేజీ హాల్లో వేశారు. లక్ష్మి బలవంతం మీద నేనూ, మీ మరిదీ పోయాం. అందులో కొత్త జంట నవ్వుతూ రీల్స్ చేస్తారు, కెమెరా ఆపగానే చెరో గదిలోకి పోతారు. జనం విరగబడి నవ్వారు. ఒక చోట భార్య ఏడుస్తూ స్టేటస్ పెడుతుంది. మొగుడు ఆమె పేరు మీద వేలు నొక్కి, ఇక కనబడకుండా మ్యూట్ చేసి, దుప్పటి కప్పుకుంటాడు. హాలంతా ఈలలు. మీ మరిదీ నవ్వాడు. నవ్వుతూ నా వైపు చూసి, టక్కున ఆపేశాడు.

బయటికి రాగానే అడిగాను. "నాది గూడ బంద్ వెట్టినవా?"

"దినాం గదే లొల్లి. చూడబుద్ధిగాక చలికాలంలనే వెట్టిన."

"దవాఖానకు పోయిన్నాడు నేను పెట్టింది చూడలేదా?"

"ఏం దవాఖాన?"

అక్కా, నువ్వు ఫోన్ చేసేది దీని గురించే కదా, ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ గొడవకు ముందే నాకు నెల తప్పింది. ముందు ఆయన మాట్లాడితే చెబుదామని ఆగాను. మూడో నెలలో, డ్యూటీలో ఉండగానే కడుపు పోయింది. లక్ష్మే దవాఖానకు తీసుకుపోయింది. ఆ సాయంత్రం దీపం బొమ్మ పెట్టి, "రాకముందే వెళ్లిపోయావు" అని రాశాను. ఆయన కోసమే రాశాను. చూసి కూడా పలకలేదనుకుని ఇన్నాళ్లూ ఆయన్ని మనసులో తిట్టుకుంటూ బతికాను. చూడనిది ఆయనొక్కడే. మీరంతా చూశారు. చిన్నమ్మ దండం బొమ్మ పంపింది, నువ్వూ పంపావు. పోయింది ఎవరని ఒక్కరూ అడగలేదు. నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది.

బస్టాండులోనే ఆయనకు అంతా చెప్పాను. అక్కడే కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. బస్సులో ఏడుస్తూ కూర్చున్నాడు. పట్టుకుంటాడేమోనని నా చెయ్యి ఇద్దరి మధ్యలో పెట్టాను. ఆయన ఫోన్ తీశాడు. కాసేపటికి నాకు చిన్నమ్మ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది, ఓదార్చడానికి. ఏంటా అని చూస్తే, ఆయన పెట్టిన నల్లటి స్టేటస్, విరిగిన గుండె, "నా బిడ్డ నన్ను విడిచి పోయింది" అని.

బస్సు దిగి బట్టలు సర్దుకుని లక్ష్మి గదికి వచ్చేశాను. ఆయన రోజూ సాయంత్రం మా కంపెనీ గేటు ముందు నిలబడుతున్నాడు. నోరు తెరిచి మా బిడ్డ గురించి ఒక్క మాట నాతో అంటే వెంట పోతాను, నేనేం రాయిని కాను. నిన్న దగ్గరికొచ్చాడు. ఇప్పుడైనా ఆ మాట అంటాడని ఆగాను. ఫోన్ నా ముందు పెట్టి, "గింతమంది బాధవడ్డరు, జూడు" అన్నాడు.

నేను చూడలేదు. నడిచి వచ్చేశాను.

అమ్మకు, నాయినకు కాళ్లు మొక్కుతున్నానని చెప్పు, నాకు గుండెనిబ్బరం ఇమ్మని దీవించమను. బావను అడిగానని చెప్పు, పిల్లలను దగ్గరికి తీసుకో. ఆరోగ్యం బాగానే ఉంది, నిజంగానే చెబుతున్నాను.

నీ తోడబుట్టినది,
సునీత