రెండో బ్రేకు

అల్లుడుగారికి, స్టీరింగు వదిలి పెన్ను పట్టిన మీ అత్తయ్య ఆశీస్సులు.

మీరు పంపిన పాట విన్నాను. ఫోన్లోనే చెబుదామనుకున్నాను గానీ, మా అమ్మాయి వెంటనే స్పీకర్ పెడుతుంది, నేను నోరు విప్పేలోపే "అమ్మా, ఆయన్నేమీ అనకు" అంటూ అడ్డం పడుతుంది. అందుకే ఈ ఉత్తరం. "బాగుంది అనకండి అత్తయ్యగారూ, ఎక్కడ బాగాలేదో చెప్పండి" అని మీరే అడిగారు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నదాన్ని, నేను మొహమాటపడితే నేర్చుకునేవాళ్ళు ఏ గోడకో గుద్దేస్తారు.

ఫోను వంటింటి గట్టు మీద పెట్టి, గిన్నెలు కడుగుతూ ఒకసారి, చేతులు తుడుచుకుని కూర్చుని ఇంకోసారి విన్నాను. మీరు చేసే ఆ ప్రోగ్రెసివ్ ట్రాన్స్ సంగీతం అంటే ఒకే దరువు సాగుతుండగా ఒక్కొక్క చప్పుడూ మెల్లగా వచ్చి చేరుతుందని మీరు చెప్పారుగా, నిజమే. కాసేపటికి వినిపించే మువ్వల్లాంటి గలగల ఎక్కడ మొదలైందో కనిపెడదామని చెవులు రిక్కించినా దొరకలేదు. గేరు మారినట్టు తెలియకుండా మార్చారు, శభాష్. కానీ అడుగున బలం లేదండీ. పైన టకటక, కింద ఏమీ లేదు. మధ్యలో ఆ టకటక కూడా ఆగి ఒక చిన్న రాగం వస్తుంది చూడండి, పైకి వెళ్ళి, కాస్త నిలబడి, మెల్లగా దిగుతుంది. అది వినగానే ప్రాణం లేచొచ్చింది. సబ్బు చేతులతో అలాగే ఉండిపోయాను. దాన్ని అంత తొందరగా ఎందుకు తరిమేశారు?

ఇంకో మాట, అడగొచ్చో లేదో. నేను మీ ఇంటికొచ్చినప్పుడల్లా మీరు పాటలు కట్టుకునే గదిలో సౌండ్ తగ్గిపోతుంది, తలుపు మూసుకుంటుంది. నన్ను పరాయిదాన్ని అనుకుంటున్నారేమోనని మనసు చివుక్కుమంటుంది.

మీ అత్తయ్య

*

అత్తయ్యగారికి, నవ్వీ నవ్వీ జవాబు ఆలస్యం చేసిన మీ అల్లుడి నమస్కారాలు.

మీరు లేదన్న ఆ అడుగు బలాన్నే బేస్ అంటాం, ఫోనులోని బుల్లి స్పీకర్లో అది వినిపించదండీ! నేను నెలల తరబడి చెక్కిన బేస్ మీ వంటింటి గట్టు దాకా రానేలేదు. కానీ కాసేపటికి నా నవ్వు ఆగిపోయింది. ఆ రాగం మీకెలా వినిపించింది? ఈ పాట విన్న ఒక్కరూ దాని ఊసెత్తలేదు. ఎత్తరు కూడా, ఎందుకంటే నేనే దాన్ని బేస్ కింద పాతిపెట్టాను. మొదట్లో పైకే ఉండేది. నాతో కలిసి వాయించే మిత్రుడు విని, "ఇదేంట్రా, జోలపాటలా ఉంది, డాన్సు చేసేవాళ్ళు అక్కడే పడుకుంటారు" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను గానీ లోపల చచ్చేంత సిగ్గేసింది. ఇంటికొచ్చి దాన్ని తగ్గించాను, మర్నాడు ఇంకాస్త తగ్గించాను. పూర్తిగా తీసేయడానికి మాత్రం చేతులు రాలేదు. బేస్ లేని చోట విన్నారు కాబట్టి మీకు అది దొరికింది.

సోమవారం ఈ పాట రికార్డు కంపెనీకి పంపాలి. ఇంతకుముందు పంపినవన్నీ "శుభ్రంగా ఉంది, కానీ ఇది మీదే అనిపించేదేమీ లేదు" అని తిరిగొచ్చాయి. ఇదీ తిరిగొస్తే సామానంతా అమ్మేసి ఆ గది ఖాళీ చేసేద్దామనుకున్నాను. మీ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఇక సౌండ్ సంగతి. మీరు పరాయివారని కాదండీ. మా అందరిలో ఉన్నదున్నట్టు మాట్లాడేది మీరొక్కరే, మీ నోటి నుంచి ఏం వస్తుందోనని భయం. మీ కారులో మంచి స్పీకర్లున్నాయి. అందులో మళ్ళీ ఒక్కసారి వినండి.

మీ అల్లుడు

*

అల్లుడుగారికి, నాలుక కరుచుకున్న అత్తయ్య రాసేది.

కారులో విన్నాను. బేస్ ఉందండీ బాబూ, సీటు కింద నుంచి వీపు దాకా ఉంది! బలం లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా రాగమేదీ? ఉన్న చోటు తెలుసు కాబట్టి ఎక్కడో సణుగుతున్నట్టు వినిపించింది. ఒళ్ళు మండింది.

డ్రైవింగ్ నేర్పే నా కారులో నేను కూర్చునే వైపు కూడా ఒక బ్రేకుంటుంది, మీకు తెలుసుగా. ఎదుటివాళ్ళు ఎంత బాగా నడిపినా నా కాలు దాని మీదే ఉంటుంది. నా దగ్గర నేర్చుకుంటున్న పళ్ళ డాక్టరుగారు నిన్న నాతో పోట్లాడారు. "మీరు ఆ కాలు తీయకపోతే నాకు డ్రైవింగ్ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అన్నారు. మీ పాట వింటుంటే ఆవిడ మాటే గుర్తొచ్చింది. మీ పక్క సీట్లో మీరే కూర్చుని బ్రేకు తొక్కుతున్నారు. కాలు తీసేయండి. రాగం వచ్చినప్పుడు బేస్‌ని పక్కకు జరగమనండి, జోలపాటలా ఉంటే ఉండనివ్వండి. కంపెనీవాళ్ళ సంగతి నాకు తెలియదు, గది మాత్రం ఖాళీ చేయకండి. ముందు ఆ ముక్క అమ్మాయికి చెప్పండి.

మీ అత్తయ్య

*

అల్లుడుగారికి, ఈసారి వంకలు దొరకని మీ అత్తయ్య రాసేది.

మార్చిన పాట అందింది. అమ్మాయికి అంతా చెప్పేశాననీ, పాట తిరిగొచ్చినా గది ఖాళీ చేయననీ దాంతో పాటు మీరు రాసిన చీటీ కూడా చదివాను. నా కడుపు నిండింది.

పాఠం మధ్యలో పాటలు పెట్టడం నా స్కూల్లో నిషేధం. కానీ మీ సంగతి చెబితే డాక్టరుగారు "పెట్టండి, నేనూ వింటాను" అని ఒకటే గొడవ. సరేనని సన్నగా పెట్టాను. వంతెన ఎక్కుతుండగా డ్రమ్ము ఆగింది, బేస్ పక్కకు జరిగింది, మన రాగం వచ్చింది. పూర్తిగా వచ్చింది, ఎవరికీ భయపడకుండా వచ్చింది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు. వంతెన దిగాక డాక్టరుగారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే, "మీరు కాలు తీసేశారు కదూ?" అన్నారు. చూసుకుంటే నిజమే, నా రెండు కాళ్ళూ నా సీటు కిందకి ముడుచుకుని ఉన్నాయి.

పాట కంపెనీకి పంపేశారనీ, ఇంకా జవాబు రాలేదనీ అమ్మాయి చెప్పింది. రాకపోతే పోనీండి. ఆదివారం వస్తున్నాను. తలుపు తీసి, సౌండ్ పెంచి ఉంచండి. బాగాలేకపోతే మొహం మీదే చెబుతాను.

మీ సొంత అత్తయ్య