ఆటలో స్టవ్వు

9వ తేదీ, ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా, మోకాళ్ళ సంగతి మాత్రం అడక్కు. నువ్వు బీపీ మాత్ర వేసుకున్నాకే ఈ ఉత్తరం చదువు. వేసుకున్నావా? సరే. చెడు కబురేమీ లేదు, కంగారుపడకు.

కిందటి ఆదివారం నీ కూతురు వచ్చింది. గొడుగు లేకుండా వానలో తడిసి ముద్దయింది. తల తుడుస్తూ నాలుగు తిట్టాను. తను తయారుచేసిన వీడియో గేము నాకు చూపించాలని కంప్యూటరు మోసుకొచ్చింది. నా చదువు నీకు తెలిసిందే. ఏది నొక్కితే ఏం పాడవుతుందోనని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. పేలిపోదులే అత్తా అని నా వేలు పట్టుకుని నొక్కించింది.

ఒరే, తెర మీద కనిపించింది మన నాన్న బోర్డులు రాసే షెడ్డురా! యాభై ఏళ్ళ కిందట కాలి బూడిదైన షెడ్డు. మూతల మీద గడ్డకట్టిన రంగు, కుంచెలు నానేసే చెవి విరిగిన కప్పు, రేకు కన్నంలోంచి నేల మీద పడే ఎండ బిళ్ళ, అన్నీ ఎక్కడివక్కడే. తనను చిన్నప్పుడు పడుకోబెడుతూ నువ్వు చెప్పిన ముచ్చట్లేనట. ఒక్కటీ మర్చిపోలేదు పిచ్చిది. కాలిపోయిన సంగతి మాత్రం నువ్వు చెప్పలేదట.

ఆ ఆటలో రంగు కలిపి, బోర్డు రాసి, తలుపు తీసుకుని ఇంటికి పోవాలి. అంతే. నేను తలుపు దాటలేకపోయాను. మూల జిగురు కాచే కిరసనాయిలు స్టవ్వు వెలుగుతోంది. దాన్ని ఆపమన్నాను. అది ఉత్త బొమ్మ అత్తా, ఆరదు, నువ్వు బయటికి నడువు అంది. వెలిగే స్టవ్వు వదిలేసి ఎలా పోతానే అన్నాను. నవ్వింది. నేను నవ్వకపోయేసరికి కంప్యూటరు మూసేసింది.

నిన్న మళ్ళీ వచ్చింది. స్టవ్వు దగ్గరికి వెళ్ళి చూడు అంది. వెళ్ళి నొక్కాను. మంట ఓసారి రెపరెపలాడి ఆరిపోయింది. నా కోసం వారమంతా కూర్చుని చేసిందట! తలుపు తీసి బయటికొచ్చి వెనక్కి చూశాను. షెడ్డు అలాగే ఉందిరా. వెక్కి వెక్కి ఏడ్చాను.

వేళ్ళతో టకటకా నొక్కేది కళెలా అవుతుందని నువ్వు నీ కూతురితో మాట మానేసి రెండేళ్ళు. నువ్వు రాసిన బోర్డుల కింద నిలబడి నేనెంత మురిసిపోయానో నీకు తెలుసు. కానీ ఏ బోర్డూ నా బెంగ విని మారలేదు. ఇది మారింది. దీన్ని కళ అనకపోతే ఏమనాలో నువ్వే చెప్పు.

శుక్రవారం సాయంత్రం టౌన్‌హాల్లో ఆ ఆటను పదిమందికీ చూపిస్తున్నారు. మీ నాన్నని పిలవలేదేమే అంటే, వస్తే తిడతాడు, రాకపోతే నేనేడుస్తాను, ఎందుకత్తా అంది. నువ్వు వెళ్ళు. మెట్లుంటాయి, చూసుకుని ఎక్కు.

ఇట్లు,
నీ గురించి బెంగపడటమే పనిగా ఉన్న
అక్క

తా.క.: షెడ్డు కాలింది అందరూ అనుకున్నట్టు నీ సిగరెట్టు వల్ల కాదురా. ఆ రోజు జిగురు కాచి స్టవ్వు ఆపకుండా వచ్చింది నేను. నాన్న నిన్ను కొట్టి, ఏడాదిపాటు నీతో మాట్లాడకపోయినా నేను నోరు విప్పలేదు. వంటింట్లోకి రోజుకు పదిసార్లు వెళ్ళి స్టవ్వు చూసుకుంటానని ఇన్నాళ్ళూ నవ్వావు కదా, అందుకే. నాతో మాట మానేస్తే మానెయ్, న్యాయమే. దానితో మాత్రం మాట్లాడు.